గొడుగుల కొట్టామె

పద్దెనిమిది పేజీలూ రెండుసార్లు తిరగేసింది షిజుకు. కత్తియుద్ధం లేదు. ఎక్కడైనా పేజీలు అంటుకుపోయాయేమోనని మూడోసారి వెనకనుంచి తిరగేసింది. అప్పటికీ లేదు.

"మాస్టారూ, కత్తియుద్ధం ఏదండీ?"

ఉగాకి మాస్టారు వేళ్లకంటిన సిరాను గుడ్డతో తుడుచుకుంటున్నారు. "రేవులో కత్తి" అనే బొమ్మల కథను ఇరవై నాలుగేళ్లుగా వారం తప్పకుండా గీస్తున్నారాయన. అరవై ఒక్క సంపుటాలయ్యాయి. షిజుకు ఆ వారపత్రికలో ఆయనకు సంపాదకురాలు. అంటే, ప్రతి బుధవారం మధ్యాహ్నం నెరిమా పేటలోని ఈ ఇంటికొచ్చి, పేజీలు చేతిలో పడేదాకా చల్లారిన బార్లీ టీ తాగుతూ కూర్చుని, అయిదింటికల్లా ప్రెస్సుకు చేర్చాల్సిన దురదృష్టవంతురాలు.

"వచ్చే వారం ఉంటుందిలేమ్మా" అన్నారు మాస్టారు.

"పోయిన వారం కూడా ఇదే మాట! చిత్తుబొమ్మల్లో పన్నెండు పేజీల యుద్ధం గీసి చూపించారు. నేను సరేనన్నాను. ఇందులో ఏముందండీ? వాన పడుతోంది. మన కథానాయకుడు రొకుటా గొడుగు కొనుక్కుంటున్నాడు. పద్దెనిమిది పేజీల్లో ఒక గొడుగు!"

ఆమె అరుపుకు కారణముంది. ప్రతి సంచికలోనూ ఒక కార్డుంటుంది. పాఠకులు తమకు నచ్చిన మూడు కథల అంకెలు దానిమీద వేసి పంపుతారు. ఆ లెక్కలో ఇరవై కథలకుగాను "రేవులో కత్తి" పందొమ్మిదో స్థానానికి జారింది. ఈ సంచికతో పైకి రాకపోతే ఎత్తేద్దామని ప్రధాన సంపాదకుడు తేల్చేశాడు. షిజుకు పదో ఏట బడిసంచీలో దాచుకుని చదివిన కథ అది. తన చేతులమీదుగా దాన్ని పాతిపెట్టడం ఆమె వల్ల కాదు. బతిమాలి, పోట్లాడి, ఈ ఒక్క అవకాశం తెచ్చుకుంది. ఈయనేమో గొడుగు గీసిపెట్టారు.

"మగారా లేడు కదమ్మా" అన్నారు మాస్టారు, అదే జవాబైనట్టు.

మగారా ఆయన దగ్గర మొదటినుంచీ ఉన్న సహాయకుడు. కథలో మనుషుల్ని మాస్టారు గీస్తే, వాళ్ల వెనకాల ఇళ్లు, వంతెనలు, వానలు, దారినపోయేవాళ్లు, అన్నీ మగారా గీసేవాడు. పోయిన నెల కళ్లకు శుక్లాలు ముదిరి మానేశాడు.

"మానేస్తే కథ మారిపోతుందా?"

"చిత్తులో నేను ఒక సున్నా చుట్టి అందులో 'ఊరు' అని రాస్తా. అంతే. మిగతాది వాడు చూసుకునేవాడు. ఇప్పుడు యుద్ధం వంతెన మీద కదా? గీద్దామని కూర్చుంటే, వంతెన అవతల ఏముందో నాకు తెలీదు. నా కథలో ఊరు నాకే తెలీదమ్మా! సరే అని పాత సంపుటాలు ముందేసుకున్నా. బొమ్మల్లో మనుషుల్ని వదిలేసి, వెనకాల మాత్రమే చూస్తూ. ఇదిగో, నువ్వూ చూడు."

కాగితపు ముక్కలు గుర్తుగా పెట్టిన సంపుటాల దొంతర ఆమె ముందుకు తోశారు. ప్రెస్సు నుంచి అప్పటికే రెండుసార్లు ఫోనొచ్చింది. తిట్టుకుంటూనే తెరిచింది.

రెండో సంపుటంలో రొకుటా వంతెన మీద తొబె అనేవాణ్ని చంపుతాడు. తొబె పక్కన పడిన గొడుగు మీద కొంగ గుర్తు ఉంది. అది మాస్టారు గీసిందే. మూడో సంపుటంలో రొకుటా పకపకా నవ్వుతున్నాడు. అతని వెనకాల, గోరంత బొమ్మలో, గొడుగులకొట్టు. కొట్టు గుమ్మానికి వేలాడే గుడ్డ మీద అదే కొంగ. వీపున పసిబిడ్డను కట్టుకున్న ఆడమనిషి గొడుగుకు కాగితం అంటిస్తోంది. తొమ్మిదో సంపుటంలో బిడ్డ పాకుతోంది. ఇరవయ్యోదానిలో వెదురు పుల్లలు అందిస్తోంది. నలభయ్యోదాని నాటికి తల్లి నడుం వంగింది. ఇరవై నాలుగేళ్లుగా కథానాయకుడు ఆ కొట్టు ముందునుంచే పోతున్నాడు. ఒక్కసారి తల తిప్పలేదు. ఒక్కసారి గొడుగు కొనలేదు.

షిజుకు మళ్లీ కొత్త పేజీలు అందుకుంది. వానలో రొకుటా తల తిప్పి కొంగను చూస్తాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడతాడు. లోపలికొచ్చి గొడుగు అడుగుతాడు. కొట్టామె అతని నడుముకున్న కత్తి వంక చూసి, గొడుగు తెరిచి, చిల్లులున్నాయేమో చూసి, చేతికిస్తుంది.

ఏడుపొచ్చింది షిజుకుకి. ఏడుపొచ్చినందుకు ఒళ్లు ఇంకా మండింది. అక్కడే కూర్చుని మగారాకి ఫోన్ చేసింది.

"మగారా గారూ, ఇదంతా ముందే చెప్పొచ్చు కదండీ! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, కొత్త శత్రువులు కావాలి, కొత్త కత్తులు కావాలి అని మేం ఇన్నేళ్లూ తలలు బద్దలుకొట్టుకుంటుంటే!"

"నన్నెవరడిగారమ్మా?" అన్నాడు మగారా, తాపీగా. "ఆయన ఊరు అని రాశాడు, నేను ఊరు గీశా. మొగుడు పోయిన మనిషి ఊరొదిలి ఎక్కడికి పోతుంది? అక్కడే ఉంటుంది."

షిజుకు ఫోన్ పెట్టేసింది. పేజీలు కవర్లో పెట్టుకుని స్టేషన్‌కు పరిగెత్తింది.

"యుద్ధమేదీ?" అన్నాడు ప్రధాన సంపాదకుడు.

"వచ్చే వారం ఉంటుందండీ" అంది, కళ్లార్పకుండా.

సంచిక వెలువడింది. కార్డుల లెక్క తేలేసరికి "రేవులో కత్తి" మూడో స్థానంలో ఉంది. ప్రధాన సంపాదకుడు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్నాళ్లూ నిద్రపోయి ఇప్పుడు లేచాడా ముసలాయన? ఎత్తేయొద్దు. సాగనీ."

గెలిచింది. అయినా షిజుకు చిరాకు పోలేదు. కార్డుల పెట్టె తన బల్ల దగ్గరికి లాక్కుంది. అంకెల కింద, ఏమైనా చెప్పదలిస్తే రాయడానికి నాలుగు గీతల జాగా ఉంటుంది. ఆఫీసులో అంకెలే లెక్కపెడతారు. ఆ తర్వాత కార్డులు తుక్కులోకి పోతాయి. ఆ నాలుగు గీతలు చదివిన పాపాన ఎవరూ పోలేదు. ఆరేళ్లుగా తనూ చదవలేదు.

ఇప్పుడు చదివింది. "చివరికి చూశాడు" అని ఒకరు. "అమ్మయ్య, చూశాడు" అని మరొకరు. చాలా కార్డుల్లో దాదాపు అదే మాట.

అడుగునున్న కార్డు మీద పెద్దవాళ్ల వణుకు చేతిరాత. "గొడుగుల కొట్టామెను రొకుటా ఎప్పుడు చూస్తాడని ఇదివరకు ఎనిమిదిసార్లు రాశాను. నా కార్డులు మీకు అందలేదేమో అనుకున్నాను. అందాయన్నమాట. చదివినందుకు కృతజ్ఞతలు."