కిలోన్నర టేకు

వడ్రంగి దశరథం రందా తోసినప్పుడల్లా టేకు పొట్టు చుట్టలు చుట్టుకుని దేవదాసు కాళ్ల మీద పడుతోంది. బల్ల మీద బోర్లా పడి ఉన్నది అతని బేస్ గిటారు. పన్నెండేళ్ల కింద, ఇదే మంచిర్యాలలో, తలుపుల కోసం తెచ్చిన టేకు చెక్కతో ఈ దశరథమే దాన్ని చేశాడు. బొంబాయి గిటారు ఫోటో చూసి కొలతలు తీశాడు గానీ, ఫోటోలో బరువు కనబడదు కదా! ఏడు కిలోలు తూగింది. దేవదాసు వాయించే పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో అందరూ దాన్ని దుంగ అన్నారు. పోనుపోను దేవదాసునూ అలాగే పిలిచారు.

కానీ ఆ దుంగ మోగిందంటే మోగిందే. తీగ ఒక్కసారి మీటితే పాట మలుపు తిరిగేదాకా స్వరం నిలబడేది. పెళ్లి పందిట్లో దేవదాసు మొహం చూసిన పాపాన ఎవరూ పోలేదు. అతను వాయించడం ఆపితే మాత్రం పాట కూలబడేది. ఆ సంగతి అతనికి తెలుసు. అతనికున్న గర్వమంతా అదే.

నెల రోజులుగా ఎడమ భుజం లాగుతోంది. మెడలో వేసుకునే నవారు పట్టీ కింద తువ్వాలు మడతపెట్టి చూశాడు. భార్య భూమవ్వ నూనె రాసింది. నొప్పి మోచేతి దాకా దిగింది. గిటారు పక్కన పెట్టి పడుకున్నా తగ్గలేదు. అయినా అందరిదీ ఒకటే మాట, దుంగ బరువని. అతనూ అదే నమ్మాడు.

"ఇగ చాలు అన్నా. దీని గొంతు పోతదేమో."

"గొంతు గావాల్నా, భుజం గావాల్నా?" అన్నాడు దశరథం.

కిలోన్నర టేకు పొట్టయి నేల మీద పడింది.

మధ్యాహ్నం ఆసిఫాబాద్‌లో పెళ్లి. ఆర్కెస్ట్రా యజమాని ప్రేమ్‌సాగర్‌రావు అప్పటికే కీబోర్డు కొన్నాడు. బేసు కూడా అదే వాయిస్తుంది. దుంగ గొంతు దానికి రాదు గనుకే దేవదాసును ఇంకా ఉండనిచ్చాడు. వేదిక మీద గిటారు తగిలించుకోగానే దేవదాసుకు తప్పు తెలిసింది. గిటారు ఒళ్లు పలచబడేసరికి దాని మెడ నేలకు వాలిపోతోంది. నొప్పి దిగిన ఆ ఎడమ చేత్తోనే మెడను ఎత్తి పట్టాలి, తీగలూ నొక్కాలి. మీటిన స్వరం మీటినచోటే చచ్చిపోతోంది.

రెండో పాట మధ్యలో రావు మైకులోనే అన్నాడు. "దేవదాస్, దిగు. నీ దుంగల పానం లేదు. కీబోర్డు సూస్కుంటది."

పందిరంతా నవ్వింది. పన్నెండేళ్లు పక్కన నిలబడి పాడిన గాయకుడూ నవ్వాడు.

దేవదాసు దిగి వంటపాత్రల వెనక కూర్చున్నాడు. గిటారు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట. "అవ్వా, జర నీళ్లియ్యి" అన్నాడు వడ్డించే ఆమెతో. ఆమె చెంబుతో వచ్చేసరికి అతని తల గిటారు మీదికి ఒరిగి ఉంది. అవతల పాట ఆగలేదు.

భోజనానికొచ్చిన డాక్టరు నాడి చూసి, వేలు తీశాడు. "గుండె ఆగింది. భుజం గుంజుతుందని ఎన్నడన్న చెప్పిండా?"

పెళ్లిపెద్ద తొందరపడ్డాడు. "శుభమా అని పెండ్లయితుంటే గిదేంది? జల్ది తీస్కపోండి."

వ్యానులో సామాను ఎక్కిస్తూ రావు గిటారును ఒంటిచేత్తో లేపాడు. పన్నెండేళ్లలో అతను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి. "గింత అల్కగుంది. దీనికేనా నెలసంది మొత్తుకున్నడు?" అని స్పీకర్ల మీదికి విసిరేశాడు. పట్టీకి నాలుగు మడతల తువ్వాలు ఇంకా తడిగానే వేలాడుతోంది.