అక్క ఆపిన కుక్కపిల్ల

పొద్దున బువ్వకాడ కూసుంటే చాలు, జానయ్య ఇంట్ల నెల రోజుల సంది ఒకటే ముచ్చట: కుక్కను యాడికెళ్లి తేవాలె? ముసలి కుక్క సచ్చిపోయినంక బత్తాయి తోటకు కాపలా లేదు. చెట్లు నిండు కాపు మీదున్నయ్. రోజూ ఏదో ఒక చెట్టు కింద తొక్కలు కనవడుతున్నయ్. అది తొంభై ఒకటో సంవత్సరం, వానకాలం.

"వదినె కుక్క ఈనిందట. ఒక పిల్లను తెచ్చుకుందాం," అన్నది జానయ్య భార్య అండాలు.

వదినె అంటే జానయ్య అక్క భద్రమ్మ. నకిరేకల్ అవతల ఆమె ఊరు. ఆమె కుక్క రేపు వచ్చే మనిషికి ఇయ్యాలే మొరుగుతది. పోస్టుమాన్ బుధవారం వచ్చేదుంటే మంగళారం నాడే మొరిగేది. పరాయోళ్లకైతే కోరలు బయటవెట్టి, సొంతోళ్లకైతే తోక ఊపుకుంట, ఉత్త బాట దిక్కు చూసి మొరిగేది. దాన్ని చూసే ఆడోళ్లు పిండికి బియ్యం నానవోసేటోళ్లు. కొన్ని బర్రెలు పాలు ఎక్కువిస్తయ్, గట్లనే గిది అనుకునేటోళ్లు.

జానయ్య చెయ్యి కడుక్కొని లేచిండు. రెండేండ్ల కింద అక్క పెనిమిటి సచ్చిపోయిన నాడు జానయ్య తోటల కాయ కోయిస్తుండె. లారీ నింపి పంపి పోయేసరికి దహనం అయిపోయింది. భద్రమ్మ నలుగుర్ల "నాకు తమ్ముడు లేడు" అన్నది. తప్పు తనదేనని జానయ్యకు అప్పుడే తెల్సు. తెలిసే పౌరుషం పెంచుకున్నడు.

ఆ వారం గాజులమ్మే హలీమా వచ్చింది. రెండూళ్లూ తిరిగే మనిషి. గాజుల మలారం దించుకుంటనే చెప్పింది: "జానన్నా, మీ అక్క నాలుగు పిల్లల్ల మూడు పంచింది. తెల్లకాళ్లది ఒకటి ఆపింది. ఎవరడిగినా ఇస్తలేదు."

"నాకని అన్నదా?"

"'తోటున్నోనికి' అన్నది. పేరు తియ్యలే."

"పేరు తీసి పిలిస్తే వస్త."

"ఇద్దరిదీ ఒకటే మొండితనమాయె," అనుకుంట హలీమా మలారం ఎత్తుకున్నది.

యాదగిరిగుట్ట కాడ లాడ్జి నడిపే ఒకాయన తాన జాతి కుక్కపిల్ల ఉన్నదని ఎవరో చెప్పిండ్రు. శుక్రవారం నాడు జానయ్య సంచి పట్టుకొని బయలుదేరిండు. నకిరేకల్ బస్టాండ్ల రెండు బస్సులు నిలవడి ఉన్నయ్. ఒకటి అక్క ఊరి మీదికెళ్లి పోయేది. జానయ్య దాని మెట్టు మీద కాలు పెట్టిండు. అక్క ఎదురుంగ నిలవడితే మొదాలు ఏం మాట్లాడాల్నో తోచలే. కాలు తీసిండు. రేపో ఎల్లుండో పోవచ్చు తియ్ అనుకొని గుట్ట బస్సెక్కిండు.

లాడ్జాయన, పిల్ల ఇంక పాలు తాగుతాంది, అమాస దాటినంక రమ్మన్నడు. జానయ్య ఉత్త సంచితోటి ఇల్లు చేరిండు.

తెల్లారి కబురొచ్చింది. భద్రమ్మ నిద్రల్నే పోయింది.

ఆయన పోయేసరికి అక్క వాకిలి ఎర్రమట్టితో కొత్తగ అలికి ఉన్నది. హలీమా గోడకు ఒరిగి ఏడుస్తాంది.

"నిన్న కుక్క నాలుగు దిక్కులకు తిరిగి మొరిగింది అన్నా, తోక ఊపుకుంట. ఇంతమంది సుట్టాలు ఒక్కపారే ఎందుకొస్తరని మాకెవ్వరికీ తట్టలే. ఆమెకైతే నీ బాట దిక్కు మొరిగింది ఒక్కటే ఇనవడ్డది. 'రేపు నా తమ్ముడొస్తుండు' అని ఇల్లిల్లు తిరిగి చెప్పింది. గారెలకు బొబ్బెర్లు నానవోసింది."

అక్క సంతోషంగనే కన్ను మూసిందని అందరన్నరు. ఆ మాటే జానయ్యను కాల్చింది.

భద్రమ్మకు ఒక్కతే బిడ్డ, శ్యామల. కృష్ణానది దిక్కు ఆత్మకూర్‌కు ఇచ్చిండ్రు. ఆ దినం ఆమె మేనమామ మొఖం చూడలే. పదకొండో నాడు తెల్లకాళ్ల పిల్లను తెచ్చి ఆయన కాళ్లకాడ వదిలి, లోపలికి పోయింది.

రెండేండ్లు గడిచినయ్. పిల్ల పెరిగి కుక్కయ్యింది. తల్లి గుణమే వచ్చింది. కాయ దొంగలు రేపొస్తరంటే ఇయ్యాలే చెప్పేది. జానయ్య గుట్టకు మళ్ల పోలే.

ఒకనాడు పొద్దుగాల అది పడమటి బాట దిక్కు తిరిగి, తోక ఊపుకుంట మొరుగవట్టింది.

"అటు దిక్కు మనకున్నది శ్యామల ఒక్కతే," అన్నది అండాలు. "రేపొస్తదేమో. జర ఇల్లు సదురాలె."

జానయ్య ముద్ద పళ్లెంల వదిలిండు. ఎవరొస్తరో కుక్క చెప్తది, ఎట్ల వస్తరో చెప్పదు. లేచి అంగీ ఏసుకున్నడు.

"రేపు ఆ పిల్లనే వస్తది కదా, నువ్వు యాడికి?"

"రేపటి దాక నేనాగ, అండాలూ."

మూడు బస్సులు మారి, పొద్దుగూకే యాళ్లకు ఆత్మకూర్‌ల దిగిండు. శ్యామల అరుగు మీద ఒక్కతే కూసున్నది, పక్కన రేకుపెట్టె. తలుపు లోపటికెళ్లి గొళ్లెం పెట్టి ఉన్నది. పెనిమిటి ఇంకొకామెను తెచ్చుకున్నడు.

"ఎప్పటిసంది కూసున్నవ్ బిడ్డా?"

"మధ్యాన్నం సంది. నీ ఇంటికి రావాల్నా, పోయి కృష్ణల దుంకాల్నా తెగుతలేదు మామా."

జానయ్య పక్కన కూసున్నడు. ధైర్యం చెప్పాలనుకున్నడు. నోట్లకెళ్లి మాత్రం పెండ్లానికి గూడ చెప్పని ముచ్చట వచ్చింది.

"మీ అమ్మ పోయిన ముందటి దినం, నకిరేకల్‌ల మీ ఊరి బస్సు మెట్టు మీద కాలు పెట్టిన బిడ్డా. మళ్ల తీసిన."



"ఆ బొబ్బెర్లు నేనే పారవోసిన మామా," అన్నది శ్యామల. "మూడో నాడు. పులిసిపోయినయ్ అప్పటికి."

జానయ్య రేకుపెట్టె భుజానికెత్తుకున్నడు. ఆమె చెప్పులు తొడుక్కొని ఆయన ఎనక నడిచింది.