అర్గీరో గ్యాస్ కట్టేసిన మధ్యాహ్నం

అర్గీరోకి కోపం ముక్కు మీదే ఉంటుందని గ్రీసులోని వోలోస్ రేవు వెంట ఉన్న హోటళ్లవాళ్లందరికీ తెలుసు. ఆ ఆగస్టులో మాత్రం ఆ కోపమంతా తనతో పనిచేసే పిల్లల మీదే ఉండేది.

అర్గీరోకి యాభై ఎనిమిదేళ్లు. చేపల హోటల్ పెట్టిన కొత్తలో వచ్చి నూనె బాండీ ముందు నిలబడింది. పెట్టినాయన పోయి, కొడుకు మినాస్ యజమాని అయినా ఆమె చోటు మారలేదు. అక్కడందరూ ఆమెని పిన్నీ అనే పిలుస్తారు. పక్కన నిప్పుల మీద చేపలు కాల్చేవాడు ఫోటిస్. సలాడ్లు తరగడం, చేపలు కడగడం దనాయి పని. ఇద్దరూ పాతికేళ్ల లోపువాళ్లే.

మరియమాత పండుగకి వారం ముందు బాండీ పైన ఉన్న ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆగిపోయింది. మినాస్ వచ్చి తలెత్తి చూశాడు.

"పండుగ దాటేదాకా మెకానిక్కులెవరూ దొరకరు. అందరూ ద్వీపాలకి పోయారు. సర్దుకోండి."

"ఎలా సర్దుకోవాలండీ? ఊపిరాడట్లేదు," అంది దనాయి.

మినాస్ నోరు తెరిచేలోపే అర్గీరో అందుకుంది. "మేమొచ్చినప్పుడు ఇక్కడ ఫ్యానే లేదు తల్లీ. గోడకి కన్నం ఉండేది, అంతే. ఆ పొగలోనే బతికాం, చావలేదు. ముందు టమాటాలు కొయ్యి."

మినాస్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. దనాయి కత్తి బల్ల మీద పెట్టేసింది.

"పిన్నీ, నేనడిగింది ఆయన్ని. నువ్వెందుకు జవాబు చెప్తావ్?"

"నోరు మూసుకుని పని చూడు."

ఆ వారమంతా అర్గీరో అంతే. పొగకి కళ్లు మండి దనాయి వెనక గుమ్మంలోకి వెళితే, "రాణీగారు విహారానికి బయల్దేరారు" అనేది. ఫోటిస్ తడి గుడ్డ మెడకి చుట్టుకుంటే, "పెళ్లికొడుకువా?" అని ఎత్తిపొడిచేది. తన వయసు ఇరవైల్లో ఉన్నప్పుడు ఆ వంటింట్లో ఎవ్వరూ ఆమెతో "కాసేపు బయటికెళ్లి గాలి పీల్చుకునిరా" అనలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ మంట తెచ్చి పిల్లల మీద పోసేది.

పండుగ రోజు చర్చి విడిచేసరికి జనం ఒక్కసారిగా వచ్చి పడ్డారు. వడ్డించే కిటికీలోంచి కేకలు: చిన్న చేపలు, స్క్విడ్, మళ్లీ చిన్న చేపలు. వంటింట్లో గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి. దనాయి కడిగిన స్క్విడ్ గిన్నె పట్టుకుని బాండీ వైపు వచ్చింది. ఆమె మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండటం అర్గీరో చూసింది. చూసి, "త్వరగా రా, నిద్రపోతున్నావా?" అంది.

ఆ పిల్ల నిలువునా కూలిపోయింది. గిన్నె బాండీలో పడింది. కాగిన నూనె ఎగిరి, ఆమె కుడిచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా పడింది.

అర్గీరో ఆమెని చంకల కింద పట్టి వెనక గుమ్మంలోకి లాక్కెళ్లి, కుళాయి కింద చెయ్యి పెట్టింది. నీళ్లు తగలగానే దనాయి తెలివిలోకొచ్చి అరిచిన అరుపు రేవు దాకా వినబడి ఉంటుంది. వడ్డించే కుర్రాడొకడు తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

అర్గీరో వంటింట్లోకి తిరిగొచ్చేసరికి మినాస్ నేల మీది నూనె చూస్తూ నిలబడి ఉన్నాడు.

"రాత్రంతా తిరగడం, పొద్దున తినకుండా రావడం, ఇక్కడికొచ్చి పడిపోవడం! ఈ కాలం పిల్లలింతే. ఒరే ఫోటిస్, పిన్నిని చూసి నేర్చుకోండ్రా. ఈ వయసులో రాయిలా నిలబడింది. ఆవిడకి లేని వేడి మీకెక్కణ్ణుంచి వచ్చింది?"

అవి అర్గీరో మాటలే. నిన్న సాయంత్రమే, దాదాపు ఇలాగే, ఫోటిస్‌తో అంది. అతని నోట వినేసరికి ఎవరో మొహాన ఉమ్మేసినట్టయింది. ఇన్నాళ్లూ తాను పిల్లల మీద విసిరిన ప్రతి మాటా ఇతను ఏరి దాచుకున్నాడు. ఫ్యాన్ బాగు చేయించకుండా తప్పించుకోవడానికి ఇతనికి తనకన్నా మంచి సాకు ఇంకేం కావాలి?

ఆమె వంగి బాండీ కింద గ్యాస్ కట్టేసింది.

"ఏంటి పిన్నీ, ఏం చేస్తున్నావ్? బయట జనం!"

"కనబడట్లేదా? కట్టేశాను."

"నువ్వు కూడానా? పండుగ పూట!"

"నన్ను చూపించి వాళ్లని తిట్టకు మినాస్. నేను రాయిని కాను. నాకూ ఊపిరాడట్లేదు. మీ నాన్న కాలం నుంచీ ఆడట్లేదు."

"మరెప్పుడూ అనలేదే?" అన్నాడు అతను, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ ప్రశ్నతో ఆమెకి కోపం నెత్తికెక్కింది. "ఇప్పుడంటున్నా! చెవుల్లేవా?"

ఫోటిస్ ఇంకా చేపలు తిప్పుతూనే ఉన్నాడు.

"నీకు వేరే చెప్పాలట్రా?"

"పిన్నీ, సగం కాలాయి..."

"తీసి పిల్లులకెయ్యి!"

ఫోటిస్ ఆమెని చూశాడు, మినాస్‌ని చూశాడు. పట్టకారు కింద పెట్టి ఏప్రన్ విప్పేశాడు.

ఆ మధ్యాహ్నం మినాస్ జున్ను, ఆలివ్ కాయలు, వెనిగర్‌లో ఊరిన ఆక్టోపస్ పెట్టి, తిట్లు తిని, జనాన్ని పంపించాడు. పొద్దు వాలకముందే మెకానిక్ వచ్చాడు. కాళ్లకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు.

"నిన్నెప్పుడు పిలిచాడు? ద్వీపాలకి పోయావన్నాడే?" అనడిగింది అర్గీరో.

"ఇందాకే. వెనక వీధేగా మాది. పడవెక్కితే మా ఆవిడకి వాంతులు, ద్వీపాలకెక్కడ పోతాం?"

అర్గీరో నేరుగా హోటల్ ముందుకెళ్లింది. కాఫీ తాగుతున్న నలుగురి ఎదుట, తనకి తెలిసిన తిట్లన్నీ మినాస్ మీద కుమ్మరించింది. చచ్చిపోయిన తండ్రిని కూడా వదల్లేదు. సీజన్ మధ్యలో బాండీ ముందు నిలబడేవాళ్లు దొరకరు కనక అతను ఆమెని పనిలోంచి తీసెయ్యలేదు. పిన్నీ అని పిలవడం మాత్రం మానేశాడు.

మర్నాడు కోడి పులుసు గిన్నెలో పోసుకుని దనాయి ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది తల్లి. దాదాపు అర్గీరో వయసే. గిన్నె వైపు చూడనైనా లేదు.

"అర్గీరో అంటే నువ్వేనా? మా అమ్మాయి రోజూ చెప్పేది. 'ఆయన కాదమ్మా, ముందు పిన్నే నా నోరు మూయిస్తుంది' అని. పెద్దదానివి, పక్కనే ఉన్నావు. ఏం చూస్తున్నావ్?"

గ్యాస్ కట్టేశానని, అందరి ముందూ అతన్ని కడిగేశానని చెప్పాలనుకుంది. ఆ తల్లి మొహం చూశాక గిన్నె గడప పక్కన పెట్టి, మెట్లు దిగి వచ్చేసింది. దారి పొడుగునా ఆమెకి కోపమే. అది మినాస్ మీద కాదు.

దనాయి మళ్లీ పనికి రాలేదు. సెప్టెంబరులో ఆమె స్థానంలో వాసో అనే పిల్ల వచ్చింది, నోట్లో నాలుక లేనట్టుండేది. రెండో రోజు కూరగాయలు తరుగుతూ మెల్లగా, "పిన్నీ, ఈ కత్తి పిడి ఊగుతోంది, పర్లేదా?" అంది.

"పర్లేదని ఎవరన్నారు? నన్నడుగుతావేంటి? అతన్నడుగు, గట్టిగా అడుగు," అని కసిరి, ఆ పిల్ల తల దించుకుని మళ్లీ తరగబోవడం చూసి, అర్గీరో కిటికీలోకి వంగింది. "మినాస్! ఇలా రా. ఇప్పుడే రా!"