తాళం వేసిన గడప ముందు ముగ్గు

చెన్నపట్నం నుంచి వచ్చి తిరుపతి స్టేషన్లో రైలు దిగేసరికి కోదండానికి ఒళ్లు హూనమైపోయింది. భుజాన కెమెరా స్టాండు, చేతిలో కెమెరా పెట్టె, సంచీలో ఫొటోలు పడే గాజు ప్లేట్లు. జట్కావాడు పిలిస్తే బదులు చెప్పే ఓపిక కూడా లేదు.

గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. కొండ దిగివచ్చిన బోడిగుండ్ల కుటుంబాలను రంగుల తెర ముందు నిలబెట్టి ఫొటోలు తీయడం బతుకుతెరువు. ఆ ఏడు, అంటే నలభై రెండులో, జపాన్ వాడు బాంబులు వేస్తాడని పట్నం పట్నమే ఖాళీ అయింది. ఉద్యోగాలు వదల్లేని మగవాళ్లు అక్కడే ఉండిపోయారు. ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ తిరుపతి, తిరుచానూరు సత్రాల్లో వచ్చి పడ్డారు. వాళ్లందరికీ ఒకటే బెంగ, ఇల్లు ఉందో పోయిందో అని. “మా ఇంటిని ఒక్క ఫొటో తీసుకొచ్చి చూపించండి, చాలు” అంటూ స్టూడియో గుమ్మంలో చేరారు. కోదండం వద్దనడం చేతకాని మనిషి. ఆయనకున్న రోగమల్లా అదే.

పట్నంలో పేటపేటా తిరిగాడు. మైలాపూరు, తిరువల్లిక్కేణి, చింతాద్రిపేట, చివరికి పెరంబూరు. మునుపు జనంలో దారి దొరకని వీధుల్లో ఇప్పుడు కుక్కలు కూడా మొరగడం మానేశాయి. మొరిగితే వినేదెవరు? ఎక్కడ చూసినా తాళాలు, గడపల ముందు దుమ్ము. రెండుచోట్ల పోలీసులు ఆపి, ఈ ఫొటోలు జపాన్ వాడికా అని గద్దించారు. ఇంత ఎండలో ఇంత బరువు మోసే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా అని నవ్వబోయి, నవ్వే ఓపిక లేక ఊరుకున్నాడు. తాళాలను ఫొటో తీయడమంత నీరసమైన పని ఇంకొకటి లేదు. మనుషులైతే కనీసం కదిలి విసిగిస్తారు.

పెరంబూరులో మాత్రం ప్రాణం లేచివచ్చింది. అది తిరుచానూరు సత్రంలో ఉంటున్న వనజాక్షి ఇల్లు. ఆమె భర్త వరదయ్య రైల్వే కార్ఖానాలో పనిచేస్తాడు కాబట్టి పట్నంలోనే ఉండిపోయాడు. పనికి వెళ్లినట్టున్నాడు, తలుపుకు తాళం ఉంది. కానీ గడప ముందు కళ్లాపి చల్లి, పైన తామరపువ్వు ముగ్గు! చుక్కకు చుక్క కుదిరి, రేకులన్నీ విచ్చుకున్న పువ్వు. అన్ని చచ్చిన వీధుల తర్వాత బతికున్న గడప ఒకటి కనబడేసరికి కోదండం కళ్లు చెమర్చాయి. కెమెరాను బాగా కిందికి వంచి, తలుపుతో పాటు ముగ్గంతా పడేలా తీశాడు. ఆ తిరుగుడు మొత్తంలో మనసుపెట్టి తీసిన ఫొటో అదొక్కటే.

తిరుపతిలో తన ఇంట్లో ప్రింట్లు ఆరబెడుతుంటే భార్య గంగులమ్మ ఒక్కొక్కటే చూస్తూ వచ్చి దాని దగ్గర ఆగింది.

“ఈ ఇల్లు ఎవురిది?”

“వనజాక్షమ్మది. ముగ్గు సూడు, ఎంత బాగుండాదో!”

“ఆయమ్మ ఈడ సత్రంలో ఉండాది గదా. ఆడ ఉండేది మొగోడొక్కడే. మరి ముగ్గెవురేసినారు?”

కోదండం ప్రింటును వెలుతురుకు పట్టి మళ్లీ చూశాడు.

“నీకు కండ్లుండాయి గాని సూపు లేదయ్యా,” అంది గంగులమ్మ. “ఇంత సక్కని సెయ్యి మొగోడికి యాడిది? ఇది తీసకపోయి ఆ బిడ్డ సేతిలో పెట్టినావంటే కాపరం కూల్చినట్టే.”

పక్కింటివాళ్లెవరైనా వేసి ఉంటారని అనబోయాడు. కానీ పక్క ఇళ్లన్నిటికీ తాళాలే. తన కళ్లతోనే చూశాడు.

ఫొటోల్లో మచ్చలు మాయం చేయడం ఆయనకు రోజూ ఉండే పనే. సన్నని కత్తి తీసుకుని, తెలుపు నలుపుగా పడే గాజు ప్లేటు మీది ముగ్గును రేకురేకుగా గీకేశాడు. మళ్లీ ప్రింటు వేస్తే అక్కడ వట్టి నేల తేలింది. మొదటి ప్రింటును పొయ్యిలో వేశాడు. మంచి ఫొటోను తన చేత్తోనే చంపుకున్నానని ఆయనకు చాలా బాధ కలిగింది. కానీ ఒక ఆడబిడ్డ ఏడవకుండా చేశాను కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మరునాడు తిరుచానూరులో వనజాక్షి ఆ ఫొటోను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. తర్వాత చాలాసేపు గడపనే చూసింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“అన్నా, ముగ్గు లేదే?”

“ముగ్గా?”

“మా ఇంటాయన మాటిచ్చినాడన్నా. నేను రైలెక్కే ముందర కూసోబెట్టి నేర్పించినాను. నాలుగు సుక్కలు, రెండు గీతలు, అంతే. జాబు రాకపోయినా బెంగపడొద్దు, నేను బాగుండినన్ని దినాలు గడప బోసిగా ఉండదు అన్నాడు. నెలగా జాబు లేదు. ముగ్గు కోసమే నేను ఫొటో అడిగింది, ఇల్లు సూడ్డానికి గాదు.” ఆమె ఫొటోలోని బోసి గడప మీద వేలు పెట్టింది. “ముగ్గు లేదంటే సావింటి కిందే లెక్క గదన్నా.”

 ఆమె చూడాలనుకున్న ఒక్కగానొక్క గుర్తునూ తనే గీకేశాడు.

“ఉండింది తల్లీ, ముగ్గుండింది! ఎండకు ఫొటోలో పడలేదు. నేను కండ్లారా సూసినాను.”

“ఒట్టు?”

“అమ్మవారి మీద ఒట్టు.”

“అయితే ఎట్లుండిందో ఏసి సూపించన్నా.” ఆమె లోపలికి పరుగెత్తి ముగ్గుపిండి గిన్నె తెచ్చింది.

ముగ్గు ఉండిందన్నంతవరకు ఒట్టు నిజమే. కోదండం గొంతుక్కూర్చున్నాడు. కళ్లముందు తామరపువ్వు కదలకుండా ఉంది. ఆయన నాలుగు చుక్కలు పెట్టాడు, ఒకటి పక్కకు పోయింది. రెండు గీతలు లాగితే రెండోది వంకరపోయి చుక్కను తప్పింది. ముగ్గుపిండి పట్టి ఎరగని చేయి కాబట్టి, మగవాడు వేసినట్టు వంకర తెప్పించడానికి ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేకపోయింది.

వనజాక్షి పకపకా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది.

“ఆయనదే! రెండో గీత ఎప్పుడూ ఇట్లే తప్పుతాడు, ఎంత సెప్పినా రాదు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “పాపం, నడుం నొప్పి మనిషి. నా కోసరం పొద్దున్నే లేసి, నీళ్లు సల్లి, వంగి... ఇంక సాలన్నా. బాంబులు పడితే పడనీ. సెప్పకుండా పోయి గడపలో నిలబడతాను. ఎట్ల మురిసిపోతాడో సూడల్ల.”

ఆ తామరపువ్వు వేసిన ఆవిడ ఆ గడపలోనే ఎదురవుతుందని కోదండానికి తట్టింది.  ఆమె అప్పటికే దండెం మీది చీరలు లాగి మూటకట్టడం మొదలుపెట్టింది.

“అన్నా, రేపటి రైలుకు స్టేషన్ దాకా ఒక జట్కా మాట్లాడి పెడతావా?”

ఆయన మోకాళ్ల మీద చేతులు ఊని మెల్లగా లేచాడు.

“అట్లే తల్లీ,” అన్నాడు.