పొగమంచులో లెఫ్ట్ వింగ్

హెడ్ కోచ్ గ్రెగ్ జట్టును వదిలి పెర్త్ వెళ్ళిపోతున్నాడన్న వార్త శనివారం మ్యాచ్ మధ్యలోనే పొక్కింది. ఆట ముగిసేసరికి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచిందా ఓడిందా అన్నది ఎవరికీ పట్టలేదు. కార్ పార్కులో ఉపేంద్ర కారు డిక్కీ తెరిచి, ఫ్లాస్కులోని టీ పంచుకుంటూ, తెలుగువాళ్ళు నలుగురూ ఒకటే మాట మీద పడ్డారు. తర్వాత ఎవరు?

డాక్టర్ ఉపేంద్ర ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబా ఊరికి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఫుట్‌బాల్ గురించి ఆయన ఏం చెప్పినా మందుల చీటీ రాసిచ్చినట్టే ఉంటుంది.

"బయటి మనిషి రావాలయ్యా. బ్రిస్బేన్ నుంచి మంచి లైసెన్స్ ఉన్న కోచ్‌ని తెచ్చుకుంటే తప్ప మనం పై డివిజన్ మొహం చూడం."

హాస్పిటల్లో నర్సుగా పనిచేసే విఠల్ ఒప్పుకోలేదు. "బయటోడొచ్చి ఏం జేస్తడు డాక్టర్ సాబ్? సీజన్ గాకముందే బ్యాగు సదురుకొని పోతడు. ఇప్పుడు గ్రెగ్ జేసిందేంది? మన గ్రౌండ్ల ఆడినోడే గావాలె."

"అలాంటివాడు ఎవడున్నాడో చెప్పు."

విఠల్ ఏదో అనబోయి, ఆగి, టీ ఊదుకున్నాడు.

ఆ ఏడాదే వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చిన సృజనకి ఈ తటపటాయింపు అర్థం కాలేదు. "లియామ్ ఉన్నడు గదా అంకుల్? సెకండ్ టీమ్‌ని చూస్కునేది ఆయనే. వాళ్ళు ఈ సీజన్ల ఒక్క మ్యాచ్ గూడ ఓడలే. యూనిల అందరు లియామే బెస్ట్ అంటున్నరు."

ఉపేంద్ర ఫ్లాస్కు మూత బిగించే పనిలో పడ్డాడు. విఠల్ బూటుతో కంకర కెలికాడు. నాలుగో మనిషి ద్వారకానాథ్ వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. వాళ్ళు భయపడుతున్నది లియామ్ పేరుకి కాదు, తనకి. తను వచ్చి నిలబడితే చాలు, ఈ గ్రౌండులో నవ్వులు తగ్గిపోతాయి. మాటలు మారిపోతాయి. చనిపోయింది కొడుకైతే, అందరినీ పట్టుకుని పీడిస్తున్నది తను.

"మంచి పేరే చెప్పావమ్మా," అని సృజనతో అని, కారు వైపు నడిచాడు.

ద్వారకానాథ్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాడు. ఒక్కడే కొడుకు, సంజయ్. ఈ జట్టుకే ఎడమ గీత పక్కన, లెఫ్ట్ వింగ్‌లో ఆడేవాడు. రెండేళ్ళ క్రితం బ్రిస్బేన్‌లో మ్యాచ్ ఆడి తిరిగొస్తుంటే టూవూంబా కొండ మీదికెక్కే రేంజ్ రోడ్డు చేరకముందే కంగారూ ఒకటి అడ్డం దూకింది. కారు చెట్టును గుద్దుకుంది. నడుపుతున్నది లియామ్. పక్క సీట్లో నిద్రపోతున్నది సంజయ్. లియామ్ తప్పు లేదని పోలీసులు తేల్చారు. లియామ్ మోకాలు మాత్రం మళ్ళీ ఆటకు పనికిరాలేదు. అప్పటినుంచి కుర్రాళ్ళకి ఆట నేర్పుతున్నాడు.

ఆ సాయంత్రం ద్వారకానాథ్ సంగతి చెప్పగానే లీల కూర కింద మంట తగ్గించింది. వాళ్ళిల్లు గ్రౌండుకి వెనక వీధిలోనే. ప్రాక్టీసు ఉన్న రోజుల్లో ఈలలూ కేకలూ తిన్నగా వంటింట్లోకి వస్తాయి.

"ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదండీ," అంది. "మనింట్లో ఎన్నిసార్లు తిన్నాడు, మన సంజయ్‌ని చూసి నన్ను అమ్మా అనేవాడు. కానీ వారమంతా ఆ గొంతు వింటూ వంట చెయ్యలేను. ఆ గొంతు తర్వాత మనవాడి గొంతు వినిపించాలి కదా. వినిపించదు."

మంగళవారం సాయంత్రానికి ఊరంతా పొగమంచు కమ్మింది. రేంజ్ కొండల మీదుగా లేచిన మంచు గ్రౌండులోకి వచ్చి కూర్చుంటే గోల్ పోస్టులు కూడా ఆనవు. ద్వారకానాథ్ కంచె పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాళ్ళు కనబడడం లేదు, బంతి చప్పుడు మాత్రం వినబడుతోంది. అంతలో లోపలినుంచి ఎవరో అరిచారు.

"వెనకలా! వెనకలా!"

ఆయన కంచె మీదికి వంగాడు. ఎదుటివాడు వెనకనుంచి బంతి కోసం వస్తుంటే సంజయ్ వేసే కేక అది. కంగారులో ఇంగ్లీషు వచ్చేది కాదు వాడికి, "వెనకాల!" అని తెలుగులోనే అరిచేవాడు. అవతలి జట్టుకి అర్థం కాదు కాబట్టి మిగతావాళ్ళు కూడా అదే నేర్చుకున్నారు. ఇప్పుడు అరిచినవాడు మంచులోంచి బయటికొచ్చాడు. ఎర్ర జుట్టు, ఈ ఏడాదే చేరినవాడు. సంజయ్‌ని వాడు చూసి కూడా ఉండడు.

ప్రాక్టీసు అయ్యాక లియామ్ కుంటుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు. సంజయ్ నేర్పిన పిలుపే ఇప్పటికీ పిలుస్తాడు, "అంకుల్" అని. మిగతాదంతా వాళ్ళ మాట ఇంగ్లీషులోనే సాగింది.

"గురువారం క్లబ్బులో మీటింగ్ ఉంది అంకుల్. అభిమానులు చెప్పింది విన్నాక కమిటీ నిర్ణయిస్తుంది. మీరు వద్దంటే నేను నా పేరు ఇవ్వను."

ద్వారకానాథ్‌కి ఒళ్ళు మండింది. "ఆ బరువు నా నెత్తిన పెట్టకు. కావాలంటే ఇవ్వు, అక్కర్లేకపోతే మానెయ్. నీ మంచితనం నిలబెట్టడానికి నేను దొరికానా?"

లియామ్ తల వంచుకున్నాడు. "మీకొకటి చెప్పాలి," అన్నాడు. "నాకు మతి చలించిందని అనుకోకండి. ఇలా మంచు పట్టినప్పుడు సంజయ్ వస్తాడు. అదుగో, ఆ లెఫ్ట్ వింగ్‌లో. సాక్సు కిందికి జారి ఉంటాయి. బంతి తనకి ఇవ్వమని చెయ్యెత్తుతాడు. అంతే. మళ్ళీ చూసేసరికి ఉండడు."

"ఇవాళ?"

"ఇవాళ కూడా వచ్చాడు."

ద్వారకానాథ్ కంచె వదల్లేదు. ఇనుప తీగ అరచేతిలో దిగబడుతోంది. తను ఎండలో వచ్చాడు, వానలో వచ్చాడు, ఏ మ్యాచూ మానలేదు. ఒక్కసారి, ఒక్క నీడ కూడా ఆయన కంటపడలేదు. వాణ్ణి చెట్టుకేసి తీసుకెళ్ళినవాడికి కనిపించి, కన్నవాడికి కనిపించడమే లేదు. దుఃఖం కాదు ఆయనకి కలిగింది. అసూయ. సిగ్గుపడేంత అసూయ.

"నీ పేరు ఇవ్వు," అన్నాడు చివరికి.

గురువారం క్లబ్బు గది నిండిపోయింది. ఉపేంద్ర లేచి బ్రిస్బేన్ కోచ్ గురించి చాలాసేపు మాట్లాడాడు. కొందరు చప్పట్లు కొట్టారు. ముసలి అభిమాని ఒకాయన గ్రెగ్‌నే బతిమాలి ఆపుదామన్నాడు. లియామ్ పేరు రాగానే అలవాటుగా అందరి తలలూ ద్వారకానాథ్ వైపు తిరిగాయి.

ఆయన లేచాడు. "మా అబ్బాయి ఇతని దగ్గర నేర్చుకుని ఉంటే ఇంకా బాగా ఆడేవాడు. నేను కోరుకునేది ఇతన్నే," అని కూర్చున్నాడు.

ఎవరో ముక్కు చీదారు. విఠల్ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ అసొంటి పెద్దమనసు నేను జూడలే సార్."

ద్వారకానాథ్ చేతులు విడిపించుకున్నాడు. లియామ్ ఎక్కడ ఉంటే కొడుకు అక్కడికి వస్తాడు. పదవి దక్కక లియామ్ వేరే ఊరు పోతే వాడు కూడా పోతాడు. ఆయన చేసింది క్షమించడం కాదు, కొడుకుని ఈ ఊళ్ళో కట్టేసుకోవడం. ఆ సంగతి గదిలో ఎవరికీ తెలియదు.

లీలకి మాత్రం ఇంటికెళ్ళగానే అంతా చెప్పేశాడు. కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కుర్చీ జరుపుకుని దగ్గరగా కూర్చుని, "సాక్సు జారి ఉంటాయన్నాడా?" అని అడిగింది. "ఎన్నిసార్లు చెప్పినా పైకి లాక్కునేవాడు కాదు."

లియామ్ హెడ్ కోచ్ అయ్యాడు. ఆ శీతాకాలం మంచు ఎక్కువే పట్టింది. పట్టిన ప్రతి సాయంత్రం ద్వారకానాథ్ ఎడమవైపు గీత దగ్గర నిలబడి, గ్రౌండును కాక లియామ్ కళ్ళను చూసేవాడు. లియామ్ చూపు ఎటు తిరిగితే ఆయన చూపూ అటే. తెల్లటి మంచు తప్ప ఏమీ ఉండేది కాదు. తనకి కనపడకపోయినా, ఇప్పుడు అక్కడే ఉండి ఉంటాడనుకుంటే చాలనిపించేది.

జట్టు గెలుస్తూ పోయింది. కార్ పార్కులో ఉపేంద్ర కూడా ఇప్పుడు లియామ్‌ని మొదట కనిపెట్టింది తనే అన్నట్టు మాట్లాడుతున్నాడు. లియామ్ మాత్రం చిక్కిపోయాడు. ద్వారకానాథ్ కనిపిస్తే తప్పుకుని వెళ్ళిపోతున్నాడు.

సీజన్ చివర్లో ఒక సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఆయనే వెంటపడి పట్టుకున్నాడు. "ఇవాళ వచ్చాడా?"

లియామ్ బంతుల సంచీ నేల మీద పెట్టాడు. "ఆ మీటింగ్ తర్వాత రాలేదు అంకుల్. ఒక్కసారి కూడా రాలేదు. ప్రతి రోజూ చూస్తున్నాను. మీరు నా కళ్ళు చూస్తున్నారని తెలుసు. అందుకని అటు చూస్తూనే ఉన్నాను."

ద్వారకానాథ్ చెయ్యి చాచి అతని భుజం మీద వేశాడు. ఇద్దరూ సంచీకి చెరో పక్కా పట్టుకుని షెడ్డు దాకా మోశారు. అక్కడే విడిపోయారు.

ఇంటికొచ్చేసరికి లీల గుమ్మంలో ఉంది. ఆయన ముఖం చూసి పక్కకి జరిగింది. తడిసిన బూట్లు విప్పుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాడు.

లీల వీధి వైపు చూసింది. ప్రాక్టీసుకి వెళ్ళినవాడు ఇంకా రాలేదేమన్నట్టు, మామూలు గొంతుతో అడిగింది.

"మరి ఎక్కడికి వెళ్ళి ఉంటాడండీ?"