తువ్వాలు కింద చెయ్యి

"పొద్దస్తమానం బర్రె ఎనకాల తిరిగేదానివి, నీకేం తెలుస్తాది బేరం సంగతి?" అన్నాడు తిరుపాల్, వేపపుల్ల నములుతూ.

పేడ ఎత్తుతున్న నాగవేణికి మొగుడన్న ఆ మాట వెంటనే తగల్లేదు. దిబ్బ దగ్గర తట్ట బోర్లించినప్పుడు తగిలింది. తనకు తెలియకుండా ఏదో బేరం నడుస్తోందన్నమాట.

వెనక్కి వచ్చి అడిగితే దాచలేదు. సాయంత్రం గోనెగండ్ల నుంచి పశువుల బేరగాడు, ముసలి హుసేనప్ప వస్తున్నాడు. బర్రెను అమ్మి, ఆ డబ్బుతో మూడో బోరు వేయిస్తాడట. ముందు వేసిన రెండు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

"ఈతూరి పడతాది. నీళ్లు చూసేటాయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగినాడు. ఒకచోట నిట్టనిలువుగా లేసి నిలబడింది."

"టెంకాయ పోయినతూరి గూడా నిలబడింది."

"నోరు మూసుకో. నీళ్లు పడేదాకా అందరితోపాటు సుగ్గికి పోదాం. మనమేమన్నా కొత్తగా పోతాండామా?"

సుగ్గి. ఆ మాట వినగానే ఆమె అరచేతులు మండాయి. పంటలు ఇంటికొచ్చాక ఊరు సగం తలుపులకు తాళాలేసి, లారీ ఎక్కి గుంటూరు మిరప చేలకు పోవడం. టార్పాలిన్ పట్టల కింద మూడు నెలలు. కూతురు మౌనికను బడి మాన్పించి గట్టు మీద కూర్చోబెట్టేది. పిల్ల ఏడిస్తే, కారం చేతులతో ముఖం తుడవలేక మోచేత్తో తుడిచేది. ఆ మూడు నెలలూ ఒక పుచ్చిపన్ను ఆమెను తినేసేది. "కూలి తెగేదాకా ఓర్సుకో" అనేవాడు తిరుపాల్. ఐదు సుగ్గిలు ఓర్చుకుంది. తర్వాత పొదుపు సంఘంలో తన పేరు మీద అప్పు తీసుకుని ఈ బర్రెను తెచ్చుకుంది. "నీళ్లు లేని ఊర్లో పాడి చేస్తాదంట" అని నవ్వారు. పక్కింటోళ్ల చేలో కలుపు తీసి, కూలికి బదులు గడ్డి మోసుకొచ్చింది. పాల కేంద్రం తలుపు తీయకముందే క్యానుతో నిలబడింది. అప్పు తీరింది. పాల డబ్బు తన ఖాతాలో పడ్డ మొదటిసారి ఎవరికీ చెప్పకుండా ఆదోనికి బస్సెక్కి ఆ పన్ను తీయించుకుని వచ్చింది. చెంప వాచిన కోడల్ని చూసి అత్త సుంకమ్మ అంది: "ఆడదాని చేతిలో డబ్బు ఆడితే నోట్లో మాట గూడా ఆడతాది." నోటి నిండా దూది ఉంది కాబట్టి అప్పుడు జవాబు చెప్పలేకపోయింది. కానీ ఆ రాత్రి రాగి జావ కాచి చల్లార్చి పెట్టింది కూడా ఆ అత్తే. మూడేళ్లుగా సుగ్గికి పోలేదు. మౌనికకు బడి ఒక్కరోజు కూడా పోలేదు.

పోయింది మాత్రం చేతులే. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుని ఉంటాయి. వేడినీళ్లలో ముంచితే తప్ప విచ్చుకోవు. ఒకసారి ఆమె జ్వరంతో పడుకుంటే తిరుపాల్ పాలు పిండబోయాడు. బర్రె దగ్గరికి రానివ్వలేదు. ఆమె చీర చుట్టుకుని, ముసుగేసుకుని మళ్లీ కూర్చున్నాడు. అది బీడీ వాసన పసిగట్టి ఒక్క తన్ను తన్నింది. ఆ సంగతికి ఊరంతా నవ్వింది. "పాలు పిండేది గూడా ఒక పనేనా" అనడం మాత్రం ఆయన మానలేదు.

హుసేనప్ప నాలుగింటికి వచ్చాడు. బర్రె పళ్లు చూశాడు, పొదుగు నిమిరాడు. "బాగా సాకినావు తిరుపాలూ" అన్నాడు. తిరుపాల్ కాదనలేదు. అప్పుడు ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి తిరుపాల్ చేతి మీద కప్పాడు. తువ్వాలు కింద వేళ్లు మాట్లాడుకున్నాయి. ఒక్కో వేలికి ఒక్కో లెక్క. పైనున్నవాళ్లకు ధర తెలియకూడదు. ఎమ్మిగనూరు సంతలో నాయన చెయ్యి అలాగే తువ్వాలు కిందికి పోవడం నాగవేణి చిన్నప్పటి నుంచీ చూసింది. ఆడదాని చెయ్యి పోవడం ఎప్పుడూ చూడలేదు.

తిరుపాల్ నవ్వుతూ చెయ్యి బయటికి తీశాడు.

"నా చెయ్యి పట్టలేదే మామా?" అంది నాగవేణి.

హుసేనప్ప నవ్వాడు. "నీ చెయ్యి పడితే మీ అత్త నన్ను మళ్లా ఈ ఊర్లోకి రానిస్తాదా కోడలా?"

"బర్రె నా పేరు మీద ఉండాది. అప్పు కట్టింది నేను. అమ్మేదెవరో వాళ్ల చెయ్యే కదా పట్టాల్సింది?"

"లోపలికి పో," అన్నాడు తిరుపాల్.

ఆమె లోపలికి పోలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని తువ్వాలు కింద పెట్టింది.

ముసలాయన ఆ చేతిని తడిమాడు. వాచిన కణుపులు తగిలాయి. ముడిచిన పిడికిలి తగిలింది. ఒక్క వేలు కూడా దొరకలేదు.

"వేళ్లు ఇయ్యి కోడలా. ఎంతకిస్తావో సెప్పు."

"అవి బేరానికి విచ్చుకోవు మామా."

హుసేనప్ప కొంచెంసేపు ఆ పిడికిలిని అట్లాగే పట్టుకున్నాడు. గువ్వను పట్టుకున్నట్టు, నొప్పి కలగకుండా. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఇందాక నీ చెయ్యి పట్టుకుంటే మెత్తగా ఉన్నింది తిరుపాలూ. అప్పుడే నాకు అర్థం కావల్సింది, ఇది నీ బర్రె కాదని. నేను పోతాను."

"అమ్మా, నువ్వన్నా సెప్పవే దీనికి," అన్నాడు తిరుపాల్, అరుగు మీది సుంకమ్మ వైపు తిరిగి.

సుంకమ్మ కోడలి చేతుల వైపు చూసింది, కొడుకు ముఖం వైపు చూసింది.

"దూడను ఇడుసురా," అంది. "పాల యేళయింది."

తిరుపాల్ దూడ గుంజ దగ్గరికి నడిచాడు.

నాగవేణి గోరువెచ్చని నీళ్ల చెంబులో చెయ్యి ముంచి, వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుంది.