సగంలో ఆగిన ఇష్టం

ఎంసీఏ చదివి నర్సీపట్నంలో నెట్ సెంటర్ పెట్టుకుందని నన్ను చూసి ఇప్పటికీ కొందరు జాలిపడతారు. వాళ్ళ జాలి నాకక్కర్లేదు. నెట్‌వర్క్‌లో మాటని వేళకి చేర్చడమెలా అన్నదే కాలేజీలో నా ప్రాజెక్టు. ఉత్తరం ఆలస్యమైనా చదువుకుంటాం. మాట అలా కాదు. నెట్‌లో అది ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, ఆలస్యంగా వచ్చిన ముక్కని మెషీను పారేస్తుంది. మార్కుల కోసం రాసిన ఆ సంగతి ఎంత దుర్మార్గమైందో రెండువేల ఏడులో, ఎస్తర్ రాణి ప్రధానం నాడు తెలిసింది.

ప్రధానమంటే మా చర్చివాళ్ళ నిశ్చితార్థం. సంఘపెద్ద అడిగితే ఇద్దరూ అందరికీ వినబడేలా ఇష్టమేనని చెప్పాలి. పెళ్ళికొడుకు ప్రభుకుమార్ అస్సాంలో మిలిటరీలో ఉన్నాడు. సెలవు రద్దయింది. అందుకని ఆదివారం ఆరాధన కాగానే అందరూ నా సెంటర్‌కి వచ్చారు. ఎస్తర్ కొత్త చీర కట్టుకుని వెబ్‌క్యామ్ ముందు కూర్చుంది. ఈ అబ్బాయినే చేసుకుంటానని ఇంట్లో పోరి పోరి ఒప్పించుకున్న పిల్ల. వాళ్ళమ్మ సువర్ణమ్మగారు మాత్రం ముఖం ముడుచుకుని పక్కన నిలబడ్డారు.

సంఘపెద్ద ఏసుపాదం తాతగారు ముందు ఎస్తర్‌ని అడిగారు. ఆయన మాట పూర్తికాకుండానే "ఇష్టమేనండి" అనేసింది. అందరం నవ్వాం.

"బాబూ, ఈ అమ్మాయిని చేసుకోడం నీకు ఇష్టమేనా?" అని ప్రభుకుమార్‌ని అడిగారు.

జవాబు లేదు. ఎంతసేపటికో స్పీకర్లోంచి "ఇష్టం లే" అని వచ్చింది. తెరమీద బొమ్మ నోరు తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది.

సువర్ణమ్మగారు కూతురి చెయ్యి పట్టుకుని లాగారు. "పదవే. ఇన్నావు కదా! మీ అక్క ప్రధానంలో ఆడూ ఇలాగే ఆలోసించి ఆలోసించి సెప్పాడు. ఏటయింది? దాన్నొదిలేసి ఎలిపోయాడు."

"ఆయన అలా అనడమ్మా" అంది ఎస్తర్. కళ్ళనిండా నీళ్ళున్నా కుర్చీ మాత్రం వదల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఫొటో స్టూడియో చినబాబు ఒక సిస్టంలో ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ వైజాగ్‌కి పంపిస్తూ, పక్కదాన్లో సినిమా పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నాడు.

"నీ పాటలు తగలెయ్య! కట్టెయ్ అన్నీ!"

"ఒక్క నిమిషం అక్కా, అయిపోతాది."

నిమిషం ఇవ్వలేదు. ఆ రెండు సిస్టంల వైర్లు పీకేశాను.

"ఫొటోలు రేపెళ్ళినా ఫొటోలే పిన్నీ. దారంతా అవే ఆక్రమించుకుంటే అబ్బాయి మాట సగమే వచ్చింది" అన్నాను సువర్ణమ్మగారితో.

"ఇప్పుడు మొత్తం వస్తాదని గ్యారంటీ ఏటమ్మా?"

నా ప్రాజెక్టంతా ఆ ఒక్క ప్రశ్నే. "నా గుమ్మం దాకా నాది గ్యారంటీ. అక్కణ్ణించి అస్సాం దాకా దారి ఎవరిస్తారో నాకు తెలీదు." గ్యారంటీ ఉందని అబద్ధమాడితే ఆవిడ కుదుటపడేవారేమో. ఆడాలనిపించలేదు.

బొమ్మ కదిలింది. ప్రభుకుమార్ ముఖం వాడిపోయి ఉంది. "తాతగారూ, ఎస్తర్ అంతసేపు ఆలోచించిందేటండి? ఇంట్లో బలవంతమైతే సెప్పేయమనండి. నేనేం అనుకోను."

సువర్ణమ్మగారికి రోషం వచ్చింది. "ఆలోసించడవేటి! తాతగారు అడగడం అవ్వకముందే అనేసింది కదా! మేవందరం నవ్వాం కూడాను..." అంటూ ఆగిపోయారు. తాతగారి ప్రశ్న ముందెళ్ళిపోయి, ఇక్కడ గబుక్కున అన్న మాట దారిలో ఇరుక్కుని, అక్కడ తటపటాయింపులా వినబడింది. మరి అక్కడివాడు గబుక్కున అన్నది ఇక్కడెలా వినబడి ఉంటుంది? ఆవిడ నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని తెరకేసి చూశారు.

"ఇంకోసారి అడగండి తాతగారూ" అన్నాను.

అడిగారు. మళ్ళీ ఆలస్యమే. వైర్లు పీకినంత మాత్రాన అస్సాం దగ్గరికి జరగదు కదా. వెనక ఎవరో గొణిగారు. తాతగారు మళ్ళీ అడగబోతుంటే సువర్ణమ్మగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ఆగండి. బయల్దేరే ఉంటాది."

వచ్చింది. "ఇష్టం లేకపోడవేటండీ! ఇష్టమే! ఇందాకా అదే కదండీ అన్నాను!"

ఎస్తర్ నవ్వుతూనే ఏడ్చేసింది. సువర్ణమ్మగారు తెర దగ్గరికి వంగి, "ఇన్నాను నాయనా. బేగి వచ్చెయ్యి" అన్నారు. ఆ మాట అతనికి చేరి, అతను తలూపేదాకా అక్కణ్ణించి కదల్లేదు.